అప్‌డేట్: కర్పూరం ప్రశ్న తేలింది

డబ్బాలో కర్పూరం దానంతటదే తరిగిపోతుంది, హారతిలోనూ మాయమవుతుంది. రెండూ భౌతిక మార్పులేనా అని పోయినవారం అడిగాను కదా. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి అలాగే రాసి ఒక మార్కు పోగొట్టుకుంది.

మీరు చెప్పినట్టే ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో మా వంటింట్లో చేసి చూశాం. మరిగే నీళ్ల మీద గిన్నె, అందులో రెండు బిళ్లలు, పైన చన్నీళ్ల గిన్నె. (నేరుగా మంట మీద పెట్టకండి, ఆవిరి అంటుకుంటుంది.) కాసేపటికి పై గిన్నె అడుగున తెల్లటి పలుకులు! అదే వాసన, అదే కర్పూరం. ఉత్పతనం (ఘనపదార్థం కరగకుండా నేరుగా ఆవిరవడం) అంటే ఇదన్నమాట, భౌతిక మార్పే.

వెలిగించినప్పుడు మాత్రం గిన్నెకు మసి పట్టింది. మిగతాదంతా కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి అయిపోయింది. అది రసాయన మార్పు.

"తిరిగి వస్తే భౌతికం, రాకపోతే రసాయనం" అన్న సూత్రం నేనే నేర్పాను. చించిన కాగితం తిరిగి అతకదుగా నాన్నా, అది రసాయన మార్పా అంది. నోరు మూసుకున్నాను. ఇప్పుడు కొత్త పదార్థం పుట్టిందా అనే చూస్తున్నాం.

మార్కు మాత్రం వెయ్యలేదు.