7 అడుగుల 4 అంగుళాల సెంటర్ ఉండి కూడా ఎలా ఓడిపోయారు? అప్‌సెట్లు లక్కా, ప్లానా?

బ్రాకెట్ బాధితుడు:

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ నాకౌట్ టోర్నమెంట్, అదే 2025 మార్చ్ మ్యాడ్‌నెస్ నాకు కొంచెం చప్పగా అనిపించింది. టీమ్‌లని నాలుగు భాగాలు చేసి ఒక్కోదాంట్లో 1 నుంచి 16 దాకా సీడ్లు, అంటే ర్యాంకులు ఇస్తారు, 1 అంటే అందరికంటే గట్టి టీమ్. ఆ నాలుగు 1వ సీడ్లూ చివరి నాలుగు టీమ్‌ల దశ అయిన ఫైనల్ ఫోర్‌కి వచ్చేశాయి, 2008 తర్వాత అలా జరగడం అదే. ఫైనల్ బాగుందిలెండి, ఫ్లోరిడా 65-63తో హ్యూస్టన్ మీద ఎలాగో గట్టెక్కింది. కానీ పేరు కూడా వినని కాలేజీ వచ్చి పెద్దవాళ్లని ఏడిపించే ఆ అప్‌సెట్లు, ఆ మొదటి వారం పిచ్చి పెద్దగా కనిపించలేదు. అందుకే ఈ మధ్య పాత మ్యాచ్‌లు పెట్టుకుని చూస్తున్నా.

నిన్న 2023 నాటి ఫెయిర్‌లీ డికిన్సన్ – పర్డ్యూ మ్యాచ్ మళ్లీ చూశా. ఒక పక్క 1వ సీడ్ పర్డ్యూ, మధ్యలో వాళ్ల సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగాటివాడు), 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఎడీ. ఇంకో పక్క 16వ సీడ్ ఫెయిర్‌లీ డికిన్సన్, డివిజన్ వన్ (కాలేజీ ఆటలో టాప్ లెవెల్) మొత్తంలో సగటు ఎత్తు అందరికంటే తక్కువున్న టీమ్. బంతిని నడిపించే వాళ్ల గార్డుల్లో ఒకతను 5-8 (5 అడుగుల 8 అంగుళాలు), ఇంకొకతను 5-9. చివరికి 63-58తో పొట్టివాళ్లే గెలిచారు. ఎడీకి 21 పాయింట్లు, 15 రీబౌండ్లు (గురి తప్పిన షాట్ల బంతిని అందుకోవడం) వచ్చాయి, అంటే అతను చెడ్డగా ఆడాడని కూడా అనలేం. నా బుర్రకి ఎక్కని విషయం ఒక్కటే. బంతిని పైకి విసిరితే చాలు కదా, అందుకునేవాడు ఇంకెవడున్నాడక్కడ?

రెండో ప్రశ్న స్వార్థంతో అడుగుతున్నా. ఆఫీసులో బ్రాకెట్ పోటీ ఉంటుంది, అంటే ఏ మ్యాచ్ ఎవరు గెలుస్తారో ముందే ఊహించి చార్టు నింపడం. ఏటా నేను ఏడెనిమిది అప్‌సెట్లు పెడతాను, ఏటా చివరి నుంచి రెండో స్థానమో మూడో స్థానమో. వీటిని ముందే పసిగట్టే మార్గం ఏదైనా ఉందా, లేక అంతా దైవాధీనమేనా?

పాత పాయింట్ గార్డ్:

"పైకి విసిరితే చాలు" అన్నారు చూడండి, అక్కడే ఉంది కిటుకంతా. టీవీలో పైనుంచి చూస్తే ఆ పాస్ చాలా తేలికగా కనిపిస్తుంది. నేను పెద్ద ఆటగాణ్నేం కాదు, కాలేజీలో సరదాగా ఆడినవాణ్ని, కానీ ఆ పాస్ ఇవ్వలేక తిట్లు తిన్న అనుభవం మాత్రం బాగా ఉంది.

మీరు గార్డు అనుకోండి. బంతి మీ చేతిలో ఉంది, 5-8 కుర్రాడు మీ గడ్డం కింద దూరి చేతులాడిస్తున్నాడు. మీ సెంటర్ బుట్ట దగ్గర చేయెత్తి నిలబడ్డాడు. అతని వెనక కాదు, అతనికీ మీకూ మధ్యలో ఒక డిఫెండర్ ఉన్నాడు. కాబట్టి బంతి ఆ డిఫెండర్ తల మీంచి గుండ్రంగా వెళ్లాలి. సరే అని విసిరితే, సెంటర్ వెనక రెండోవాడు కాచుక్కూర్చున్నాడు, కాస్త ఎక్కువ పోతే వాడి చేతికే. కాస్త తక్కువైతే ముందువాడి చేతికి. అంటే పాస్ పడాల్సిన చోటు మీరనుకున్నంత పెద్దది కాదు. పైగా ఆ రోజు పర్డ్యూ బంతిని నడిపించింది ఇద్దరు ఫ్రెష్‌మన్ (కాలేజీలో మొదటి ఏడాది) గార్డులు. మొత్తం 16 టర్నోవర్లు, అంటే 16 సార్లు బంతి పోగొట్టుకున్నారు.

ఇద్దరు ఎడీ మీద ఉంటే ఎవరో ఒకరు ఖాళీగా ఉండాలి కదా అంటారా? ఉన్నారు. ఫెయిర్‌లీ డికిన్సన్ కోచ్ టోబిన్ ఆండర్సన్ తెలిసే వదిలేశాడు వాళ్లని, "వేసుకోండి త్రీలు" (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) అన్నట్టు. పర్డ్యూ 26 త్రీలు వేసి 5 మాత్రమే కొట్టింది. ఎడీ మ్యాచ్ మొత్తం మీద వేసిన షాట్లు 11. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. దేశంలోనే బెస్ట్ ప్లేయర్ 11 షాట్లు వేస్తే, మిగతావాళ్లు దూరం నుంచి 26 వేశారు. అవతలి కోచ్‌కి కావలసింది సరిగ్గా అదే.

ఇంకో సంగతి. ఆ టీమ్ బంతిని అవతలి చివరి నుంచే వెంటబడి ఆడింది, దీన్నే ప్రెస్ అంటారు. కోర్టు పొడవు 94 అడుగులు. మొసలికి నీళ్లలో ఉన్నంతసేపే బలం అంటారు కదా, ఎడీ కూడా బుట్ట కింద ఉన్నంతసేపే ఏడడుగుల మనిషి. మధ్య గీత దగ్గర బంతి కోసం పెనుగులాట జరుగుతుంటే అతని ఎత్తుతో పనేముంది? పొట్టివాళ్లు ఎత్తుతో పోటీ పడలేదు, ఎత్తు అక్కరకు రాని చోటికి ఆటని లాక్కెళ్లారు.

లెక్కల పిచ్చి:

అన్న చెప్పింది కరెక్టే కానీ అది ఒక దారి. ఇంకోటి దీనికి పూర్తిగా రివర్స్, ఆటని నెమ్మదిగా చేసేయడం.

క్రికెట్ చూసేవాళ్లకి ఒక్క మాటలో చెప్తా. చిన్న టీమ్ పెద్ద టీమ్‌ని టెస్టులో ఓడించడం కష్టం, టీ20లో అప్పుడప్పుడూ ఓడిస్తుంది. ఆట ఎంత చిన్నదైతే తేడా తేలడానికి అంత తక్కువ టైమ్. బాస్కెట్‌బాల్‌లో 40 నిమిషాలు మారవు కానీ ఒక్కో టీమ్‌కి బంతి ఎన్నిసార్లు దొరుకుతుందన్నది మారుతుంది. ఆ సంఖ్య తగ్గితే లక్‌కి చోటు పెరుగుతుంది. 1996లో 13వ సీడ్ ప్రిన్స్‌టన్ అంతకుముందు ఏడాది చాంపియన్ అయిన యూసీఎల్ఏని 43-41తో ఓడించింది. స్కోరు మళ్లీ చదవండి, హాఫ్ టైమ్ స్కోరు కాదది. ఆరు నిమిషాల పైచిలుకు మిగిలి ఉండగా యూసీఎల్ఏ 41-34తో ముందుంది, ఆ తర్వాత ఒక్క పాయింటూ కొట్టలేదు. ప్రిన్స్‌టన్ కోచ్ పీట్ కారిల్ కుర్రాళ్లు పాస్ తర్వాత పాస్ ఇస్తూ, డిఫెండర్ ముందుకు వంగగానే వాడి వీపు వెనక నుంచి దూరి లేఅప్ (బుట్ట పక్కనుంచే వేసే షాట్) వేసేవాళ్లు. గెలిపించిన చివరి బాస్కెట్ కూడా అలాగే వచ్చింది.

తమాషా ఏంటంటే కొన్నిసార్లు ఫేవరెట్లే ఈ పని చేసి పెడతారు. 2018లో 1వ సీడ్ వర్జీనియా దేశంలోకెల్లా నెమ్మదిగా ఆడే టీమ్. డిఫెన్స్ ఎంత గట్టిదంటే సీజన్ మొత్తం మ్యాచ్‌కి సగటున 54 పాయింట్ల లోపే ఇచ్చింది. 16వ సీడ్ యూఎమ్‌బీసీ (మేరీలాండ్ యూనివర్సిటీ, బాల్టిమోర్ కౌంటీ)తో హాఫ్ టైమ్‌కి 21-21. రెండో సగంలోనే యూఎమ్‌బీసీ 53 కొట్టింది! జైరస్ లైల్స్ ఒక్కడికే మొత్తం 28. ఫైనల్ స్కోరు 74-54. నెమ్మదిగా ఆడే టీమ్ ఒకసారి పది, పన్నెండు వెనకబడితే దాని దగ్గర వేగం పెంచే గేర్ ఉండదు, అలవాటు లేని తొందరలో త్రీలు వేస్తూ పోతుంది. వర్జీనియా 22 వేసి 4 కొట్టింది. చేతికి గాయమై వర్జీనియా ఆటగాడు డియాండ్రే హంటర్ ఆడలేదు, అదీ ఒక కారణమే, కాదనను.

గోడమీద పిల్లి:

మీరంతా గెలిచాక కారణాలు వెతుకుతున్నారు. అదే యూఎమ్‌బీసీ ఆ జనవరిలో ఆల్బనీ చేతిలో 83-39తో చిత్తుగా ఓడింది, 44 పాయింట్ల తేడా. అప్పుడు లేని వ్యూహం మార్చిలో ఎక్కణ్నుంచి వచ్చింది? 1985లో 64 టీమ్‌ల పద్ధతి మొదలైనప్పటి నుంచి 2025 దాకా 1వ సీడ్లకీ 16వ సీడ్లకీ 160 మ్యాచ్‌లు జరిగితే పొట్టేలు కొండని ఢీకొని గెలిచింది రెండే రెండుసార్లు. మిగతా 158 మంది కోచ్‌లు ప్లాన్ లేకుండానే వచ్చారా? వాళ్లూ ఒకడి మీద ఇద్దరిని పెట్టి డబుల్ టీమ్ చేశారు, వాళ్లూ ప్రెస్ చేశారు. త్రీలు పడలేదు, ఇంటికెళ్లారు. పర్డ్యూ ఆ రోజు 26లో మరో మూడు కొట్టి ఉంటే ఈ చర్చే లేదు.

హాఫ్ కోర్ట్ అక్క:

చిన్న దిద్దుబాటు. అందరూ యూఎమ్‌బీసీనే 1వ సీడ్‌ని ఓడించిన మొదటి 16వ సీడ్ అన్నట్టు మాట్లాడతారు, పురుషుల్లో అది నిజం. మహిళల టోర్నమెంట్‌లో 1998లోనే హార్వర్డ్ 71-67తో స్టాన్‌ఫర్డ్‌ని ఓడించింది. అదీ స్టాన్‌ఫర్డ్ సొంత కోర్టులో, వరసగా 59 మ్యాచ్‌లు గెలుస్తూ వచ్చిన చోట. ఆలిసన్ ఫీస్టర్‌కి 35 పాయింట్లు. స్టాన్‌ఫర్డ్‌లో ఇద్దరు ముఖ్యమైన ప్లేయర్లకి టోర్నమెంట్ ముందు మోకాలి గాయాలయ్యాయి, నిజమే, కానీ ఇరవై ఏళ్ల ముందు జరిగినదాన్ని ఎవరూ గుర్తు కూడా చేయకపోతే కాస్త మండుతుంది.

గోడమీద పిల్లి గారూ, మీ లెక్క ఒప్పుకుంటా, వాదన ఒప్పుకోను. త్రీలు పడకపోవడం లక్ అనుకున్నా, ఆ 26 వేయించింది ఎవరు? ప్లాన్ ఉన్నంతమాత్రాన గెలుస్తారని ఎవరూ అనలేదు. వందలో ఒక్క ఛాన్స్ ఉన్నదాన్ని ఐదో ఆరో చేసుకోవడం, అంతే కోచ్ చేతిలో ఉన్నది. ఇంకో మాట, ఫెయిర్‌లీ డికిన్సన్ ముందు ఏడాది గెలిచింది మొత్తం 4 మ్యాచ్‌లు. ఆండర్సన్ వచ్చాక తన పాత డివిజన్ టూ కాలేజీ నుంచి ముగ్గురిని వెంట తెచ్చుకున్నాడు, ఆ ఇద్దరు పొట్టి గార్డులూ, ఆ రోజు 19 కొట్టిన షాన్ మూరూ వాళ్లే. ఏళ్ల తరబడి ఒకే కోచ్ దగ్గర ఒకే ప్రెస్ ఆడిన ముగ్గురు. ఎదురుగా ఫ్రెష్‌మన్ గార్డులు. దాన్ని లక్ అంటే ఎలా అండీ.

ఆరో మనిషి:

అక్క చెప్పిన వయసు పాయింట్ మీదే నా మాట. 2024లో ఓక్లండ్ – కెంటకీ గుర్తుందా? కెంటకీ నిండా ఎన్‌బీఏకి పోబోయే ఫ్రెష్‌మన్లు. ఓక్లండ్‌లో జాక్ గోల్కీ, డివిజన్ టూ నుంచి వచ్చిన 24 ఏళ్లతను, బెంచ్ మీంచి దిగి 10 త్రీలు కొట్టాడు, 32 పాయింట్లు, ఓక్లండ్ 80-76తో గెలిచింది. ఆ సీజన్‌లో అతను రెండు పాయింట్ల షాట్లు పది కూడా వేయలేదు, చేసేది ఒకటే పని. అందరికీ తెలుసు, అయినా ఆపలేకపోయారు. గోల్కీ గురించే అందరూ మాట్లాడతారు కానీ ఓక్లండ్ కోచ్ గ్రెగ్ కాంపే జోన్ డిఫెన్స్ (మనిషిని కాకుండా కోర్టులో చోటుని కాపలా కాయడం) ముందు ఆ కుర్రాళ్లు తెల్లమొహం వేశారు, నాకు అదే ఎక్కువ నచ్చింది.

మరి 2025లో అప్‌సెట్లు ఎందుకు తగ్గాయి అంటే, గోల్కీ లాంటివాళ్లు ఇప్పుడు చిన్న కాలేజీల్లో నిలవడం లేదు. 2021 నుంచి ట్రాన్స్‌ఫర్ అయితే ఏడాది కూర్చోనక్కర్లేదు, పేరు వాడుకున్నందుకు డబ్బులూ తీసుకోవచ్చు. వాల్టర్ క్లేటన్ జూనియర్‌నే చూడండి, ఫ్లోరిడాని గెలిపించినవాడు, మొదలుపెట్టింది అయోనాలో. అదే ఫ్లోరిడాలో ఆడిన అలైజా మార్టిన్ 2023లో ఫ్లోరిడా అట్లాంటిక్ వాడు, పర్డ్యూని ఓడించిన ఫెయిర్‌లీ డికిన్సన్‌ని తర్వాతి రౌండ్‌లో ఇంటికి పంపిన టీమ్ అది. అంటే ఒకప్పుడు అప్‌సెట్లు చేసినవాళ్లే ఇప్పుడు 1వ సీడ్ జెర్సీ వేసుకుంటున్నారు. 2025లో చివరి 16 మందిలో పెద్ద కాన్ఫరెన్సుల (కాలేజీల లీగుల) బయటి టీమ్ ఒక్కటి కూడా లేదు. ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పకూడదులెండి, కానీ నాకైతే భయంగానే ఉంది.

మీ ఆఫీసు గొడవకి వస్తే, బాధితుడు గారూ, తప్పు అప్‌సెట్లు పెట్టడంలో లేదు, ఎక్కడ పెడుతున్నారో అందులో ఉంది. చాలా పోటీల్లో మొదటి రౌండ్‌కి ఒక పాయింట్, తర్వాత రెండు, నాలుగు అలా రెట్టింపు అవుతూ చాంపియన్‌కి 32. మొదటి రౌండ్‌లో సరదా కోసం 2వ సీడ్‌ని తీసేశారనుకోండి, అది ఓడితే మీకొచ్చేది ఒక్క పాయింట్, అది ఫైనల్ ఫోర్‌కి పోతే మీ బ్రాకెట్లో ఆ మూల అంతా ఖాళీ. 12వ సీడ్లు 5వ సీడ్లని మూడింట ఒకసారి కాస్త అటూ ఇటూగా ఓడిస్తుంటాయి, కాబట్టి అక్కడ ఒకటో రెండో పెట్టుకోండి. పెట్టేముందు చూసుకోండి, త్రీలు ఎక్కువ వేస్తారా, బంతి పోగొట్టుకోకుండా ఆడతారా, గార్డులు సీనియర్లేనా. 15, 16ల జోలికి పోకండి. యూఎమ్‌బీసీని నిజంగా పెట్టినవాళ్లలో చాలామంది ఆ కాలేజీలో చదివినవాళ్లే అయ్యుంటారని నా అనుమానం.

బ్రాకెట్ బాధితుడు:

అందరికీ థ్యాంక్స్. పాయింట్ గార్డ్ అన్న చెప్పాక చివరి పది నిమిషాలు మళ్లీ పెట్టుకుని, ఈసారి బంతిని వదిలేసి ఎడీనే చూశా. చివరి తొమ్మిది నిమిషాల్లో అతను ఒక్క షాట్ కూడా వేయలేదు! నిన్న రెండుసార్లు చూసినా నాకిది తట్టలేదు. చేయెత్తి నిలబడతాడు, ముందొకడు వెనకొకడు, గార్డు అటు చూస్తాడు, బంతి పక్కకి వెళ్లిపోతుంది. మళ్లీ అంతే.

పర్డ్యూ 2021లో 13వ సీడ్ చేతిలో, 2022లో 15వ సీడ్ చేతిలో, 2023లో 16వ సీడ్ చేతిలో ఓడిందని కూడా ఇప్పుడే చూశా. ఆ మూడుసార్లూ నేను వాళ్లనే ముందుకు తీసుకెళ్లా. విసుగొచ్చి 2024లో మొదటి రౌండ్‌లోనే కొట్టేస్తే ఫైనల్ దాకా పోయారు.

గోడమీద పిల్లి:

వచ్చే ఏడాది మీ బ్రాకెట్ ముందే ఇక్కడ పెట్టండి, దానికి రివర్స్‌లో నాది నింపుకుంటా.