బీగిల్ కుక్కలపై ప్రయోగాలు: సంతకాల కాగితం ఎవరికివ్వాలి, ఏం రాయాలి?

లంకగాలి (అమలాపురం):
మందుల ల్యాబుల్లో బీగిల్ కుక్కల మీద చేసే ప్రయోగాలు ఆపాలని కోనసీమలో సంతకాలు సేకరిస్తున్నామండి. కాలేజీల దగ్గరా, అంబాజీపేట కొబ్బరి మార్కెట్ దగ్గరా బల్లలు వేస్తున్నాం. కాగితం మీద ప్రస్తుతానికి "కుక్కలపై క్రూర ప్రయోగాలు నిషేధించాలి" అన్న ఒక్క ముక్కే ఉంది. వీటిని కలెక్టరు గారికివ్వాలా, ఎంపీ గారికా? ఏం రాస్తే మూలన పడెయ్యకుండా చూస్తారు?

లాకులదగ్గర:
కలెక్టరు గారికి వద్దండి. సోమవారం అర్జీల్లో ఇస్తే రసీదు నంబరొస్తుంది, అంతే. ఆ అనుమతి ఆయన చేతిలో లేదు. కుక్కల మీద ప్రయోగం చెయ్యాలంటే సంస్థలోని ఎథిక్స్ కమిటీ చూశాక ఫైలు కేంద్ర కమిటీకి వెళ్లాలి. దాన్ని సీసీఎస్‌ఈఏ అంటారు, మొన్నటిదాకా సీపీసీఎస్‌ఈఏ. కేంద్ర పశుసంవర్ధక శాఖ కిందుంటుంది.

పోలీస్ స్టేషనుకీ వెళ్లకండి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో 14వ సెక్షన్ ప్రయోగాలకి మినహాయింపు ఇచ్చేసింది. కేసు అక్కడే ఆగిపోతుంది.

అదే చట్టంలో 20వ సెక్షన్ చూడండి. కమిటీ పెట్టిన షరతు తప్పితే జరిమానా 200 రూపాయలు, అదీ గరిష్ఠంగా. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మారలేదు. చట్టం సవరిస్తామని 2022 నవంబరులో కేంద్రం ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగింది, అది చట్టమవలేదు. అడగాల్సింది ఇక్కడ. "నిషేధించాలి" అంటే ఎవరికీ ఏ పనీ అప్పజెప్పినట్టు కాదు.

జంతు హింస నివారణ ఉమ్మడి జాబితాలోది కాబట్టి రాష్ట్రమూ సవరించుకోవచ్చు. జల్లికట్టు కోసం తమిళనాడు 2017లో చేసిందదే. కాకపోతే రాష్ట్రపతి ఆమోదం కావాలి. ముందు ఎంపీ దారే పట్టండి.

గోదారి_గట్టు:
ఎంపీ గారికి ఉత్తరంలా కాకుండా లోక్‌సభకి పిటిషన్‌గా రాయండి. ఉత్తరానికి మర్యాదకో జవాబొస్తుంది, పిటిషన్‌కైతే సభ నియమాలున్నాయి. ఆ నియమాల దగ్గరే చాలా పిటిషన్లు చచ్చిపోతాయి కూడా.

తెలుగులో రాస్తే ఇంగ్లీషు గానీ హిందీ గానీ అనువాదం జతచేసి, దానిమీదా సంతకం పెట్టాలి. విన్నపం రాసిన కాగితం మీదే కనీసం ఒకరి సంతకమో వేలిముద్రో ఉండాలి. సంతకాలు పక్క కాగితాలకి పాకితే, ప్రతి కాగితం పైనా ఆ విన్నపం మళ్లీ రాసుండాలి. అందరూ తప్పేది ఇక్కడే: పైన ఒక్క కాగితం టైపు చేసి, కింద తెల్లకాగితాలు యాభై కుట్టేస్తారు. ఆ యాభై కాగితాల మీది సంతకాలు దేనికి పెట్టారో ఎవరికి తెలుస్తుంది? పూర్తి పేరు, చిరునామా ఉండాలి. "సత్యనారాయణ, అంబాజీపేట" సరిపోదు, ఇంటిపేరూ డోర్ నంబరూ రాయించండి. ఫొటోలు, పేపరు కటింగులు జతచెయ్యకూడదు.

సభలో ఎంపీ గారే ప్రవేశపెడితే ఆయన సంతకం కూడా కావాలి. సమావేశాలు మొదలయ్యాక పట్టుకోవడం కష్టం, ముందే కలవండి.

ఇంకోటి, జెల్ పెన్నులు వద్దు. మన వానకి అలుక్కుపోతాయి. బాల్‌పెన్నే పెట్టండి.

మాత్రలవాడు:
నాది మందుల భద్రతా పరీక్షల వైపు పని, కాబట్టి అటు మాటా వినండి. ల్యాబువాళ్లు సరదాకి కుక్కని తెచ్చుకోరు. కొత్త మందుకి ఎలుక జాతిలో ఒకటీ, ఎలుక కాని జంతువొకటీ, రెండింట్లో విషప్రభావం చూడాలని నిబంధన. ఆ రెండోదే బీగిల్ అవుతుంది: చిన్న ఒళ్లు, సాధు స్వభావం. సాధువైనందుకే దానికా గతి.

లెక్క కావాలా? రసాయనాల పరీక్షలకి పద్ధతులు రాసే దేశాల కూటమి ఓఈసీడీ చెప్పిన 90 రోజుల పరీక్షలో మోతాదుకి కనీసం 8 కుక్కలు, నాలుగు మగ, నాలుగు ఆడ. మూడు మోతాదులు, మందివ్వని గుంపొకటి కలిపితే 32. ప్రయోగమయ్యాక సాధారణంగా చంపి అవయవాలు కోసి చూస్తారు.

నిబంధనని వదిలి ల్యాబుని తిడితే లాభం లేదు. 2023 మార్చిలో మన కొత్త మందుల నియమాల్ని సవరించి, కణాల మీద, ఆర్గాన్ చిప్‌ల (అవయవంలా పనిచేసేలా కణాలు పెంచిన చిన్న పరికరాల) మీద చేసే పరీక్షల్ని కూడా ఒప్పుకున్నారు. అంటే తలుపు తెరిచుంది. ఎంతమంది ఆ తలుపులోంచి వెళ్లారన్నది అడగాల్సిన ప్రశ్న.

డెల్టాలో జనానికి పట్టే సంగతి మాత్రం పురుగుమందులండి. ఏడాదిపాటు కుక్కలకి పెట్టే పరీక్ష పురుగుమందులకి తప్పనిసరి కాదని అమెరికా 2007లో, యూరప్ 2013లో తేల్చేశాయి. మన పురుగుమందుల రిజిస్ట్రేషన్ కమిటీ ఇప్పుడు కుక్కలతో ఏయే పరీక్షలు అడుగుతోంది, ఎందుకడుగుతోంది? వరిచేలో మందు కొట్టే రైతుకి ఇలా చెప్తే ఆగి వింటాడు.

లాకులదగ్గర:
అదే ప్రశ్న ఎంపీ గారి చేత సభలో అడిగించండి. 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, 150 మాటలు దాటకూడదు. "క్రూర", "దారుణ" లాంటి విశేషణాలుంటే ప్రశ్న ఒప్పుకోరు. గత మూడేళ్లలో ఏడాదివారీగా ఎన్ని కుక్కలకి అనుమతిచ్చారు, ఎన్నింటికి పునరావాసం కల్పించారు, 20వ సెక్షన్ కింద ఎన్ని కేసులు పెట్టారు. ఈ మూడూ చాలు.

ఈలోగా కేంద్ర శాఖకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఫీజు పది రూపాయలు. "ఎందుకు అనుమతిచ్చారు?" అనొద్దు, కారణాలు కొత్తగా రాసిచ్చే బాధ్యత వాళ్లకి లేదు. "అనుమతి పత్రాల నకళ్లు ఇవ్వండి" అనండి. వ్యాపార రహస్యమని కొన్ని పేజీలు నల్లగా కొట్టేస్తారు, సంఖ్యలు మాత్రం దాచలేరు. 30 రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు.

లంకగాలి:
విన్నపం ఇలా మార్చాం: "1960 చట్టం 20వ సెక్షన్ జరిమానా పెంచాలి. ప్రయోగం తర్వాత బతికున్న కుక్కల పునరావాసాన్ని చట్టంలోనే తప్పనిసరి చెయ్యాలి." సరిపోతుందా? పాత కాగితాల మీద ఆరు వందల సంతకాలున్నాయి.

గోదారి_గట్టు:
సరిపోతుంది. ఆ ఆరు వందలూ దీనికి వాడకండి, వాళ్లు సంతకం పెట్టింది వేరే మాటకి. మళ్లీ బల్ల వెయ్యాల్సిందే.