1966 ఎంజీబీ రోడ్‌స్టర్: సిల్స్ రెండూ తుప్పు తినేశాయి, కోత ఎక్కడ మొదలుపెట్టాలి?

లాసన్స్‌బే_66:

అందరికీ నమస్కారమండి. బండి 1966 ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు లేని బ్రిటిష్ స్పోర్ట్స్ కారు), 1798 సీసీ, రెండు ఎస్‌యూ హెచ్ఎస్4 కార్బురేటర్లు, డైనమో, పాజిటివ్ ఎర్త్ (అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది). విశాఖలో సముద్రానికి దగ్గరగా రేకుల షెడ్డులో పదేళ్లు కదలకుండా ఉంది. ఇంజిన్ చేత్తో తిప్పితే తిరుగుతోంది, గేర్లు పడుతున్నాయి. అసలు సమస్య బాడీ. రెండు వైపులా సిల్స్‌కి (డోర్ల కింద పొడవునా ఉండే రేకు పెట్టెలకి) స్క్రూడ్రైవర్ ఆనించి నొక్కితే లోపలికి దిగిపోతోంది. ముందు మడ్‌గార్డు వెనక కొసలో తడితే దోసెడు మట్టి, తుప్పు పొరలు రాలాయి. సీట్ల వెనక బ్యాటరీ పెట్టెలకి అడుగే లేదు. ఎడమ డోరు మూస్తే వెనక అంచు పైన రాసుకుంటోంది, కింద మాత్రం వేలు దూరేంత సందు.

టింకరింగ్ మేస్త్రి రెండు సిల్సూ ఒకేసారి కోసేసి, 2 మి.మీ. ప్లేటు మడిచి అతికించి, పైన పుట్టీ పెడతానంటున్నారు. వారం పనట. ఇంట్లో మిగ్ వెల్డింగ్ మెషిను ఉంది, కాబట్టి నిదానంగా సొంతంగా చేసుకోవడానికైనా సిద్ధమే. ఆయన పద్ధతి సరైనదేనా? రెండోది, ఇప్పుడు బంకుల్లో దొరికే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుతో ఈ ఇంజిన్ నడుస్తుందా? మూడోది, పాజిటివ్ ఎర్త్ మార్చెయ్యాలా, ఉంచాలా?

ఆటోనగర్_రేకుపని:

ప్లేటు వద్దు. రెండూ ఒకేసారి కొయ్యడం అసలే వద్దు, దయచేసి ఆపండి.

ఎంజీబీకి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. పైకప్పు లేని మోడల్ కాబట్టి బండి ముందు సగాన్నీ వెనక సగాన్నీ కలిపి పట్టుకునేవి ఆ రెండు సిల్సూ, మధ్యలో గేర్‌బాక్స్ టనెలూ. రెండు సిల్సూ తీసేస్తే నడుము దిగుతుంది. దిగిన ఆకారంలో వెల్డింగ్ చేస్తే ఆ వంకర అలాగే ఉండిపోతుంది, తరవాత ఎంత పుట్టీ పెట్టినా డోరు సరిగ్గా పడదు.

బయటికి కనిపించే రేకు ఒక్కటే సిల్ కాదు. దాని వెనక నిలువుగా ఒక రేకు ఉంటుంది, మెంబ్రేన్ అంటారు. దాని వెనక లోపలి సిల్, అడుగున పొడవునా పోయే మడత రేకు, దాన్ని కాజిల్ రైలు అంటారు. ఈ నాలుగూ కలిస్తేనే గట్టి పెట్టె. బయటి రేకు మీంచి స్క్రూడ్రైవర్ దిగిపోతోందంటే మెంబ్రేన్ అడుగు, కాజిల్ రైలు కూడా పోయాయనే అనుకుని నాలుగు రకాల రేకులూ తెప్పించుకోండి. బ్రిటన్‌లో ఈ మోడల్‌కి అచ్చు అసలు ఆకారంలోనే ఇప్పటికీ తయారవుతున్నాయి. 2 మి.మీ. ప్లేటు పక్కన పాత రేకు పలచగా ఉంటుంది. వెల్డింగులో పలచటి వైపు కాలి చిల్లు పడుతుంది, అతికినా ఆ గీత పక్కనే పగులు వస్తుంది. ఇంకో సంగతి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే చాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. అదే ఆకారం రేకు వేస్తే మరమ్మతు. పైపులూ ప్లేట్లూ చేరిస్తే మార్పు.

మొదట పెట్రోలు ట్యాంకు, బ్యాటరీలు దింపెయ్యండి. బండిని ముందు క్రాస్‌మెంబర్ కింద, వెనక యాక్సిల్ ట్యూబు కింద స్టాండ్ల మీద నిలబెట్టండి. సిల్‌కున్న జాకీ పాయింట్ల జోలికి పోవద్దు, అవి లోపలికి నలిగిపోతాయి. ఇంజిన్ దించక్కర్లేదు. బరువు ఉండగా సరిచేసిన సందులే బరువు ఉండగా నిలుస్తాయి.

తరవాత డోరు చట్రానికి ఊతం. 25 మి.మీ. చదరపు పైపు ముక్కలు రెండు, మధ్యలో టర్న్‌బకిల్ (తిప్పితే పొడవు పెరిగే, తగ్గే మర బిగింపు). ఒక కొస డోరు ముందుండే హింజ్ పిల్లర్‌కి, ఇంకో కొస వెనకుండే లాక్ పిల్లర్‌కి, రెండూ లోపలి వైపునే టాక్ చెయ్యండి, అంటే చుక్కలుగా వెల్డింగ్ పెట్టండి. లోపలి వైపున ఉంటేనే ప్రతి దశలో డోరు తగిలించి మూసి చూసుకోగలరు. బయటి వైపు పెడితే డోరు పట్టదు, గుడ్డిగా వెల్డింగ్ చెయ్యాల్సి వస్తుంది. రెండు వైపులా ఊతం వేశాకే ఒక వైపు కోత. ఆ వైపు పూర్తిగా అయ్యాకే రెండో వైపు.

ముందు మడ్‌గార్డు బోల్టుల మీద ఉంటుంది. డాష్‌బోర్డు వెనక దాక్కున్న బోల్టుల సంగతి మరిచి లాగితే రేకు చిరుగుతుంది. మీకు రాలిన మట్టి చక్రం వెనక ఉండే అడ్డు రేకును దాటి వచ్చింది. దాని రబ్బరు ఎండిపోతే చక్రం చిమ్మిన బురద సిల్ ముందు కొస మీదే కూర్చుంటుంది, తడి ఆరదు. ఆ రబ్బరు కొత్తది వెయ్యకపోతే కొత్త సిల్ కూడా అదే దారి పడుతుంది. వెనక మడ్‌గార్డు మాత్రం బాడీకి వెల్డింగ్ చేసి ఉంటుంది, సిల్ దాని చాటుకి దూరుతుంది. డోరు వెనక కింది ముక్క కోస్తేగానీ ఆ కొస బయటపడదు. చాలామంది అక్కడ భయపడి, కనిపించినంత మేరకే కొత్త రేకు తొడిగేస్తారు. అలా చేస్తే బలం రాదు, కొత్త రేకు కింద పాత తుప్పు పని చేసుకుంటూనే ఉంటుంది.

వరస ఇదీ: లోపలి సిల్, ఫ్లోరు అంచు, కాజిల్ రైలు, తరవాత మెంబ్రేన్, చివర్న బయటి సిల్. రేకు 1.2 మి.మీ., వైరు 0.6, గ్యాసు ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం. ఒక రేకుకి 6 మి.మీ. చిల్లులు 25, 30 మి.మీ. ఎడంలో వేసి, కలిసే ముఖాలకి జింక్ ప్రైమర్ కొట్టి, క్లాంపులతో బిగించి, డోరు మూసి చూసి, అప్పుడు చిల్లులు వెల్డింగ్‌తో నింపండి. వరసగా నింపుకుంటూ పోతే వేడికి రేకు లాగేస్తుంది. మధ్యలో ఒకటి, ముందు ఒకటి, వెనక ఒకటి, చెయ్యి ఆనించగలిగేంత చల్లారాక ఇంకోటి.

షిప్‌యార్డ్_ప్రైమర్:

పైన చెప్పింది అక్షరాలా పాటించండి. నేను చెప్పేది మన ఊరి గాలి గురించి.

ఇక్కడ తుప్పు గుంటల్లో ఉప్పు ఉంటుంది. వైరు బ్రష్షుతో తళతళలాడేలా రుద్దినా అది పోదు, ప్రైమర్ కింద నీరు లాగి మళ్లీ బుడగలు తేలుస్తుంది. ఉంచబోయే రేకంతా మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, మళ్లీ రుద్ది, మళ్లీ కడగాలి. బీచ్ వైపు ఇళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉండొచ్చు, వాటితో కడిగితే కడగనట్టే. తాగే నీళ్లు వాడండి. రెండో కడుగు ఆరిన గంటలో గుంటల్లో నల్ల చుక్కలు తేలితే ఉప్పు ఇంకా ఉందని అర్థం.

ఇసుక పేపరు 80 నంబరు పట్టి, చేతికి గ్లవుజులు వేసుకుని, థిన్నర్‌తో తుడిచి, అదే రోజు రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్ కొట్టెయ్యాలి. ఖాళీ రేకు రాత్రంతా వదిలితే తెల్లారేసరికి పసుపు పట్టినట్టుంటుంది. తుప్పు మార్చే ఆసిడ్ ద్రావకాలు వాడితే వాటిని పూర్తిగా కడగకుండా ఎపాక్సీ వెయ్యకండి, కింద మెత్తగా ఉండిపోయి పొరగా లేస్తుంది. మామూలు గ్రే ప్రైమర్ నీరు పీలుస్తుంది. దాని మీద వారాలపాటు బండిని వదలడం పెద్ద తప్పు. పుట్టీ పెట్టాల్సొస్తే ఎపాక్సీ మీదే, ఖాళీ రేకు మీద కాదు.

రంగు పని సంక్రాంతి తరవాత, ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. అంతా అయ్యాక సిల్ లోపలికి గొట్టం దూర్చి మైనం స్ప్రే చెయ్యండి. కింది నీటి చిల్లులు మైనంతో మూసుకుపోకుండా తీగతో పొడిచి చూడండి.

సింహాచలం_ఘాట్:

పెట్రోలు సంగతి. నడుస్తుందండి, కానీ నాలుగు మార్పులు తప్పవు.

పాత రబ్బరు గొట్టాలన్నీ పారెయ్యండి. ఇథనాల్‌కి అవి మెత్తబడి లోపల నల్లగా ఊడతాయి, ఆ ముక్కలు ఫ్లోట్ నీడిల్‌లో ఇరుక్కుని కార్బురేటర్ పొంగుతుంది. పక్కనే ఎగ్జాస్ట్ ఉంది, అక్కడ పెట్రోలు కారడమంటే నిప్పే. గొట్టం మీద ఆర్9 అని ముద్ర ఉన్నదే కొనండి, అది ఇథనాల్‌ని తట్టుకుంటుంది. నీడిల్ కొస వైటాన్ అనే రబ్బరుది వెయ్యండి. ట్యాంకుని పైవైపు చూడండి, డిక్కీ అడుగుకీ ట్యాంకుకీ మధ్య మట్టి చేరి పైరేకే ముందు తుప్పు తింటుంది. లోపల పూత పూసి నెట్టుకురావడం కంటే ట్యాంకే మార్చడం మేలు. చాలా పూతలు ఇథనాల్‌కి ఊడొచ్చేస్తాయి.

ఇథనాల్ ఉన్న పెట్రోలుకి ఏడెనిమిది శాతం ఎక్కువ ఇంధనం అందాలి, లేకపోతే మిశ్రమం పలచబడి వాల్వులు కాలతాయి. ఎస్‌యూకి ఇది తేలిక. కార్బురేటర్ అడుగున పెట్రోలు మోతాదు మార్చే జెట్ నట్టుని పూర్తిగా పైకి బిగించి, అక్కణ్నుంచి 12 ముఖాలు, అంటే రెండు చుట్లు, కిందికి తిప్పితే మొదటి సెట్టింగు. ఈ పెట్రోలుకి ఇంకో రెండు మూడు ముఖాలు దిగాల్సి రావచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కాక పిస్టన్‌ని పిన్నుతో 0.8 మి.మీ. మాత్రం లేపండి. ఐడ్లింగ్ పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ. ఆగిపోబోతే తక్కువ. రవ్వంత పెరిగి మళ్లీ కిందికొస్తే సరి. ఒక కార్బురేటర్ పూర్తిచేసి రెండోదానికి వెళ్లండి, తరవాత మళ్లీ మొదటిది చూడండి. ఇదంతా ట్యాపెట్ల (వాల్వుల) సందు 0.38 మి.మీ., డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు 0.35 నుంచి 0.40, ప్లగ్గు సందు 0.64 పెట్టాకే. ముందే కార్బురేటర్ తిప్పితే ఇగ్నిషన్ దోషాన్ని పెట్రోలుతో కప్పిపెట్టినట్టవుతుంది.

ఈ ఇంజిన్ సీసం కలిపిన పెట్రోలుకి చేసింది, దేశంలో అది 2000లోనే ఆగిపోయింది. హెడ్డు ఎప్పుడు విప్పారో తెలియకపోతే నడక మొదలయ్యాక వెయ్యి కిలోమీటర్లకోసారి ట్యాపెట్లు కొలవండి. ఎగ్జాస్ట్‌వి మాత్రమే మళ్లీ మళ్లీ బిగుసుకుంటుంటే వాల్వు సీటు అరిగి లోపలికి దిగుతోందన్నమాట. హెడ్డు దించి గట్టి సీట్లు వేయించాలి.

కంచరపాలెం_వైరింగ్:

పాజిటివ్ ఎర్త్‌తో తప్పేమీ లేదు, అలాగే ఉంచుకోవచ్చు. మార్చాలంటే కాయిల్ వైర్లు అటూ ఇటూ చెయ్యాలి. డైనమోకి ఎఫ్ (ఫీల్డ్) వైరు విప్పి, బ్యాటరీ లైవు నుంచి ఎఫ్ టెర్మినల్‌కి ఒక్క క్షణం తాకించి ధ్రువం మార్చాలి. ఆర్‌పీఎం మీటరు ఎలక్ట్రానిక్‌ది, లోపల మార్పు చేయించకుండా కలిపితే కాలిపోతుంది.

అంతకంటే ముఖ్యం ఫ్యూజులు. అసలువి 35 ఆంప్స్ అని రాసి ఉంటాయి. బ్రిటిష్ లెక్కలో అది తెగిపోయే కరెంటు, ఆగకుండా మోసేది 17 మాత్రమే. ఇక్కడి కొట్లో 35 అని అడిగి కొన్నది వేస్తే ఫ్యూజు కంటే ముందు వైరింగ్ మాడుతుంది. 15 వెయ్యండి.

పానాలు కూడా ఇంచీ సెట్టే కొనండి. అర ఇంచి అంటే 12.7 మి.మీ., దాని మీద 13 నంబరు పానా పెడితే తుప్పు పట్టిన నట్టు మూలలు గుండ్రమైపోతాయి. బ్రేకు పైపు నట్లు 3/8 ఇంచి యూఎన్ఎఫ్ మర (ఇంచీ కొలతల సన్న మర), 10 మి.మీ. మర నట్టుని బలవంతంగా తిప్పితే సిలిండర్ మర పోతుంది. 1966 బండికి బ్రేకు సర్క్యూటు ఒక్కటే, ఒక పైపు పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు ఉండదు. పైపులు, గొట్టాలు, రబ్బర్లు అన్నీ కొత్తవే వెయ్యాలి.

లాసన్స్‌బే_66:

అందరికీ చాలా కృతజ్ఞతలండి. మేస్త్రికి వద్దని చెప్పేశాను. స్టాండ్లు, ఊతాలు పెట్టడం అయింది. ఎడమ డోరు వెనక సందు పైన 2 మి.మీ., కింద 8. కుడి డోరు పైన 4, కింద 5. ఇలాగే కోసెయ్యొచ్చా?

ఆటోనగర్_రేకుపని:

ఆగండి. ముందు ఎడమ డోరు తెరిచి వెనక కొస పట్టుకుని పైకి ఎత్తండి. ఆడితే హింజ్ పిన్నులు అరిగాయి, అవి మార్చి మళ్లీ కొలవాలి. ఆడకపోతే ఆ వైపు నడుము దిగింది.

సీట్ల కింద అడ్డంగా పోయే క్రాస్‌మెంబర్‌కి ఎడమ చివర, మందపాటి చెక్క ఆనించి జాకీ పెట్టండి. బరువు అందుకున్నాక పావు చుట్టు చొప్పున లేపుతూ, ఊతంలోని టర్న్‌బకిల్‌ని సందు తెరుచుకునే వైపు తిప్పుతూ పొండి. ఒక్కసారిగా లాగొద్దు, ఒక పూటకి ఒక మిల్లీమీటరు చాలు. పైనా కిందా 4, 5కి వచ్చాక డోరు చట్రం మూల నుంచి మూలకి రెండు కొలతలూ తీసి కుడి వైపుతో పోల్చండి. రెండు మి.మీ. లోపు తేడా అయితే టర్న్‌బకిల్ లాక్ నట్లు బిగించి, మర మీద పెయింటుతో అడ్డంగా గీత పెట్టండి. మర్నాడు పొద్దున్న గీత కదలకుండా, సందు మారకుండా ఉంటే ఎడమ వైపు కోత మొదలుపెట్టొచ్చు. జాకీ మాత్రం మెంబ్రేన్ వెల్డింగ్ పూర్తయ్యేదాకా అక్కడే ఉండాలి.