ఆసుపత్రి సిబ్బందికి మానసిక పరీక్ష తప్పనిసరి చేయాలా?

మారతహళ్ళి వాసి:
మరో మహమ్మారి రాకముందే తేల్చుకోవలసిన విషయమని చర్చకు పెడుతున్నాను. 2021 ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో పడకల కోసం, ఆక్సిజన్ కోసం, చివరికి దహనవాటికల దగ్గర వరుసలో చోటు కోసం జనం ఎంత తిరిగారో ఇక్కడున్న వారందరూ చూసినదే. ఆ చావులను రోజూ దగ్గరుండి చూసిన నర్సులు, వైద్యులు లోపల ఏమైపోతున్నారో అడిగే ఏర్పాటు మాత్రం చాలా చోట్ల కనబడలేదు. నిర్ణీత కాలానికి వైద్య పరీక్ష చేయించుకోని పైలట్‌ను విమానం ఎక్కనివ్వరు. వెంటిలేటర్ చూసుకునేవారి పట్ల ఆ మాత్రం శ్రద్ధ అక్కరలేదా? "కావలసినవారు వచ్చి మాట్లాడవచ్చు" అని గోడకు కాగితం అంటిస్తే ఎవరూ వెళ్ళరు, వెళ్ళినవారి గురించి పదిమందీ గుసగుసలాడతారు. అందరూ వెళ్ళవలసిందే అంటే గుసగుసలకు తావుండదు. నెలకోసారి ప్రతి ఉద్యోగికీ ఈ పరీక్ష తప్పనిసరి చేయాలన్నది నా వాదన.

రాత్రి డ్యూటీ:
మీ ఉద్దేశం మంచిదే అండీ, కానీ మీరు కోరుతున్న పరీక్ష నేను రాసి ఉన్నాను. మాది మదనపల్లె, అప్పుడు బెంగళూరులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. పీపీఈ కిట్ తొడిగాక ఆరు గంటలు మంచినీళ్ళూ లేవు, బాత్రూమూ లేదు. వీడియో కాల్‌లో ఒక కొడుక్కి తండ్రి ముఖం చూపించి, రెండు గంటలు తిరగకముందే అదే ఫోనులో అతనికి కబురు చెప్పవలసి వచ్చిన రోజులవి.

మే నెలలో మాకు పీహెచ్‌క్యూ-9 అనే, మానసిక కుంగుబాటును కొలిచే ప్రశ్నపత్రం పంచారు. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు, మొత్తం 27. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తోందా అన్నది తొమ్మిదోది. పైన పేరు, ఉద్యోగి నంబరు రాయమన్నారు. నింపిన కాగితాలు తీసుకున్నది మాకు డ్యూటీ చార్టు వేసే ఇన్‌చార్జి. మా వార్డులో అందరికీ సున్నానో ఒకటో వచ్చింది. ఆ కాగితాలనే నమ్మితే ఆ నెలలో బెంగళూరు మొత్తం మీద అంత నిశ్చింతగా ఉన్నది మేమే. ఇంట్లో పడుకున్నా మానిటర్ అలారం మోగినట్టై ఉలిక్కిపడి లేచే నేను కూడా సున్నాలే పెట్టాను. నిజం రాస్తే ఐసీయూ నుంచి తీసేస్తారు, తీసేస్తే కోవిడ్ భత్యం పోతుంది, పైగా అప్పుడే మా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.

మారతహళ్ళి వాసి:
మీరు పడిన బాధకు విచారిస్తున్నానమ్మా. అయితే అది అమలులో జరిగిన తప్పే తప్ప నియమంలోని తప్పు కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా ఇచ్చింది కదా.

హొసూరు రోడ్డు:
మానసిక వైద్య రంగంలో సామాజిక కార్యకర్తగా పనిచేస్తున్నాను కనుక కొంచెం వివరంగా రాస్తాను. ఆ చట్టం గోప్యత బాధ్యతను చికిత్స అందించే వారిపై పెట్టింది. యాజమాన్యం పంచి యాజమాన్యమే పోగుచేసుకున్న కాగితాన్ని చికిత్స అని ఎలా అంటాం? బలవంతం వల్ల మేలు జరుగుతుందన్న నమ్మకానికీ ఆధారం బలహీనమే. ఘోరమైన సంఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒక్క విడతలో అంతా చెప్పించే పద్ధతిని పరిశీలించిన 2002 నాటి కాక్రేన్ సమీక్ష (ఒక విషయంపై జరిగిన వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచేది), దాన్ని తప్పనిసరి చేయడం మానుకోవాలని తేల్చింది. సాయం అడిగితే ఉద్యోగానికే ముప్పు అన్న భయం మన దగ్గరే ఉన్నదీ కాదు: 2020 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్న న్యూయార్క్ అత్యవసర విభాగపు వైద్యురాలు లోర్నా బ్రీన్, లైసెన్సు పోతుందేమోనని భయపడిందని ఆమె కుటుంబమే చెప్పింది. ఆమె పేరుతో 2022 మార్చిలో అక్కడ ఒక చట్టమే వచ్చింది.

ఇంకొక మాట. బర్న్‌అవుట్‌ను, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడాన్ని, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఐసీడీ-11 అనే వ్యాధుల వర్గీకరణలో జబ్బుగా కాక, పనిచేసే చోట పుట్టే స్థితిగా పేర్కొంది. 2021 ఏప్రిల్ 18న జరగవలసిన నీట్ పీజీ (వైద్య పీజీ సీట్ల ప్రవేశ పరీక్ష) సెప్టెంబరు 11కు వాయిదా పడడంతో కొత్త జూనియర్ వైద్యులు రాలేదు. ఉన్నవారే ఆ పని కూడా మోశారు. ఆ భారాన్ని ఏ ప్రశ్నపత్రం దించుతుంది?

కె.ఆర్.పురం:
మీరందరూ నర్సులు, వైద్యుల దగ్గరే ఆగిపోయారు. శవాన్ని సంచిలో కట్టిన వార్డు బాయ్, ఐసీయూ నేల తుడిచిన ఆయమ్మ కాంట్రాక్టరు మనుషులు. ఏ ఉద్యోగుల జాబితాలోనూ ఉండరు. ఈ ఊరి పౌరకార్మికుల్లో, అంటే పారిశుధ్య సిబ్బందిలో, మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలియనిది కాదు. ఇంగ్లీషు ప్రశ్నపత్రం వారి చేతికిస్తే వేలిముద్ర ఎక్కడ వేయాలని అడుగుతారు. 2020 జులైలో కర్ణాటక ఆశా కార్యకర్తలు సమ్మె చేసినప్పుడు అడిగింది నెలకు 12,000 రూపాయల గౌరవ వేతనం, రక్షణ సామగ్రి. కౌన్సెలింగ్‌ను కాదు.

మారతహళ్ళి వాసి:
సరే, నా ప్రతిపాదనను మార్చుకుంటున్నాను. పరీక్షకు వెళ్ళి తీరాలన్న నిర్బంధం సిబ్బందిపై వద్దు. బయటి నిపుణులను, ఎవరి భాషలో వారికి, డ్యూటీ గంటల్లోనే అందుబాటులో ఉంచాలన్న నిర్బంధం యాజమాన్యంపై ఉండాలి. ఎవరు వెళ్ళారన్నది చార్టు వేసేవారికి తెలియకూడదు. 14416 నంబరుతో 2022 అక్టోబరులో మొదలైన టెలి-మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ వంటిది ఉన్నా, ఆసుపత్రి బాధ్యత తీరిపోదు.

రాత్రి డ్యూటీ:
ఇది మొదటిదానికంటే చాలా నయం. ఆ రోజుల్లో నాకు కాస్త ఊరటనిచ్చింది మా సీనియర్ సిస్టర్ ఒకావిడ. నా ముఖం చూసి, ఏమీ అడగకుండా, నా పేషెంట్లను తాను చూసుకుంటూ ఇరవై నిమిషాలు టెర్రస్ మీదికి పంపేది. ఆవిడ పంపగలిగింది ఆవిడ చేతులు ఖాళీగా ఉన్న రాత్రుల్లోనే. అవి రెండో మూడో. మీరు డ్యూటీ గంటల్లోనే అంటున్నారు కదా, ఆ గంటసేపు వెంటిలేటర్ మీదున్న నా నలుగురినీ ఎవరు చూస్తారో అది కూడా మీ ప్రతిపాదనలో రాయండి.