ముట్టు, దూరం, బయట, నెలసరి: బడి గోడ మీద ఏది రాయాలి?

పర్లాకిమిడి నుంచి:
అందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఒడిశాలో, తెలుగు బడిలో పాఠాలు చెబుతాను. ఆరు నుంచి ఎనిమిది తరగతుల ఆడపిల్లల కోసం గోడ మీద ఒక పోస్టర్ పెడుతున్నాం. గుడ్డ ఎలా ఉతికి ఎండలో ఆరేసుకోవాలి, ప్యాడ్ ఎన్ని గంటలకి మార్చుకోవాలి, నొప్పి ఎక్కువైతే ఎవరికి చెప్పాలి, ఇవన్నీ రాసేశాం. పైన పెట్టే మాట దగ్గరే ఆగిపోయాం. పాఠ్యపుస్తకంలో ‘ఋతుస్రావం’ అని ఉంది. పిల్లలు దాన్ని పరీక్షలో రాస్తారు, తమకి నెలనెలా జరిగేది అదేనని చాలామందికి తట్టదు. వాళ్ళ నోట వచ్చేవి ‘దూరం’, ‘బయటున్నాను’. సెలవు చీటీలో అవి కూడా రాయరు, ‘కడుపునొప్పి’ అని రాస్తారు. మీ ఊళ్ళలో ఏమంటారు? ఏ మాట పెట్టమంటారు?

బరంపురం నుంచి:
టీచర్ గారూ, మనకున్న మాటలు ఒకసారి వరసగా చూడండి. దూరం, బయట, ముట్టు, బహిష్టు. ‘బహిః’ అన్నా బయటే, సంస్కృతంలో చెప్పినంత మాత్రాన గౌరవం రాలేదు. ఆ మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో వీటిలో ఒక్కటీ చెప్పదు. ఆమె ఎక్కడ కూర్చోవాలో, మిగతావాళ్ళు ఎంత ఎడంగా ఉండాలో చెబుతాయి. ముట్టులో ఉన్నది ముట్టుకోవడమే. అంటు కూడా అంతే, ‘అంటరాని’ అన్నది అక్కణ్ణుంచి వచ్చిందే. 2018 సెప్టెంబరు 28న శబరిమల గుడిలోకి స్త్రీల ప్రవేశం కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ డి.వై. చంద్రచూడ్, నెలసరి పేరుతో స్త్రీలను వేరుపెట్టడం అంటరానితనంలో ఒక రూపమనీ, రాజ్యాంగం 17వ అధికరణానికి అది విరుద్ధమనీ రాశారు. ఆ తీర్పు మీద పునఃసమీక్ష గొడవ అలా ఉంచండి. తెలుగువాళ్ళకి ఆ వాదన కొత్తగా అనిపించనక్కర్లేదు. ‘అంటూ ముట్టూ’ అని ఆ రెండింటినీ మనమే జంట కట్టి వాడుతున్నాం.

మన పక్కింటి ఒడియావాళ్ళ దగ్గరికి రండి. జూన్ మధ్యలో, మిథున సంక్రాంతికి, మూడు రోజులు రజ పండగ. పహిలి రజ, రజ సంక్రాంతి, బాసి రజ. అప్పుడు భూదేవికి నెలసరి అని నమ్మకం. నాగలి కట్టరు, మన్ను తవ్వరు. ఆడపిల్లలకి ఇంటి పని ఉండదు. కొత్త బట్టలు, పాన్, పొడొపిఠా అనే కాల్చిన పిండివంట, ఉయ్యాలలు. నాలుగో రోజు వసుమతి స్నానం: భూదేవికి గుర్తుగా నూరుకునే రాయికి పసుపు పూసి, నీళ్ళు పోసి, పూలు పెడతారు. మా తెలుగు ఇళ్ళ పిల్లలు కూడా ఆ ఉయ్యాలలు ఎక్కుతూనే పెరుగుతారు. ఈ ‘రజ’, మన ‘రజస్వల’ రెండూ రజస్సు నుంచి వచ్చినవే. సంస్కృతంలో రజస్సు అంటే దుమ్ము, పూల పుప్పొడి, ఈ రక్తం కూడా.

అలాగని వాళ్ళ ఇళ్ళు మన ఇళ్ళకంటే మెరుగని నేను అనను. నేలతల్లికి నెలసరి అని ఊళ్ళో ఉయ్యాల కట్టిన ఇంట్లోనే, కోడలికి వస్తే పూజగది వైపు రానివ్వరు. మనదీ అదే తీరు. పిల్ల సమర్తాడితే పేరంటానికి ఊరంతా పిలుస్తాం, ఫ్లెక్సీ కూడా కట్టిస్తాం. రెండో నెల నుంచి ఆ సంగతి తండ్రి చెవిన పడకూడదు. ఆ పిల్లకి మనం నేర్పేది ఏమిటి? నాకు కోపమూ బాధా కలిగేది ఇక్కడే.

నా ఓటు ‘నెలసరి’కి. అది కాలాన్ని చెబుతుంది, ఎవరినీ ఎక్కడికీ పంపించదు. ఒడియాలో ‘మాసిక’ కూడా అదే అర్థం, పక్కపక్కనే రాయవచ్చు. సెలవు చీటీలో కూడా అదే రాయించండి. 2024 ఆగస్టు 15న ఒడిశా ఉప ముఖ్యమంత్రి ప్రవతి పరిడా, ఉద్యోగం చేసే స్త్రీలకి నెలసరికి ఒకరోజు సెలవు ప్రకటించారు. ప్రభుత్వమే ఆ పేరుతో సెలవిస్తానంటుంటే పిల్ల కడుపునొప్పి అని ఎందుకు రాయాలి?

సిరొంచ నుంచి:
మహారాష్ట్రలో మా దగ్గర ‘ముట్టుడు’ అంటారు. చిన్నపిల్లలు అమ్మ ఒళ్ళోకి పోబోతే ‘కాకి ముట్టింది, పోవద్దు’ అని ఆపుతారు. మరాఠీవాళ్ళు కూడా ‘కావళా శివలా’ అంటారు, కాకి తాకింది అని. రెండు భాషల పిల్లలకీ ఒకే కాకిని చూపించారు.

ఇంకొకటి చెప్పాలి. మా గడ్చిరోలి జిల్లా మాడియా గోండు పల్లెల్లో కుర్మా ఘర్ అనే గుడిసె ఉంటుంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు అందులోనే ఉండాలి. చాలా గుడిసెలకి సరైన తలుపు ఉండదు, కరెంటు ఉండదు, మరుగుదొడ్డి ఉండదు. వానాకాలంలో పాముల భయం. అక్కడ ‘బయట’ అంటే నిజంగానే బయట. ‘అది వాళ్ళ ఆచారం’ అని మా తెలుగువాళ్ళు అంటుంటే నాకు మనసొప్పదు. మన ఇళ్ళ వెనక వసారాలో చాప, వేరే కంచం, వేరే చెంబు పెట్టింది ఎవరు?

రాయగడ నుంచి:
అమ్మా, పెద్దవాణ్ణి, ఒక మాట అంటాను, ఏమీ అనుకోవద్దు. ఇవి ఆడవాళ్ళు తమలో తాము చెప్పుకునేవి. పద్యాలూ వ్యాకరణం మాట్లాడుకునే చోట అవసరమా? పైగా ‘ముట్టు’ అచ్చ తెలుగు మాట. దాన్ని తుడిచిపెట్టడం నాకు నచ్చదు.

పర్లాకిమిడి నుంచి:
మాస్టారూ, గిడుగు రామమూర్తి పంతులుగారు బడి చెప్పిన ఊరు మాది. జనం నోట ఉన్న మాట పుస్తకంలోకి రావాలన్నారు ఆయన. సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకున్నారు. నేను అడుగుతున్నది కూడా అదే, పిల్లకి అర్థమయ్యే మాట. మా బడిలో ఒక గుంటకి పది రోజులైనా రక్తం ఆగలేదు. ఎవరికీ చెప్పలేదు. ఎందుకమ్మా అంటే, ఏమని చెప్పాలో తెలియలేదంది. ఇది భాష సంగతి కాకపోతే మరేమిటండీ?

‘ముట్టు’ను తుడిచెయ్యను, మీకు మాటిస్తున్నాను. అమ్మమ్మలకి తెలిసిన మాట అదే, పోస్టర్ వాళ్ళకీ అర్థం కావాలి. పైన పెద్ద అక్షరాల్లో నెలసరి, దాని పక్కన ఒడియాలో మాసిక. కింద చిన్నగా: ‘దీన్నే ముట్టు, దూరం, బయట అని కూడా అంటారు.’ ఆ తర్వాతి వరుస: ‘ఏడు రోజులు దాటినా ఆగకపోతే టీచరుకి చెప్పండి, డాక్టరుకి చూపిద్దాం.’

ఇక మగపిల్లల సంగతి. పోస్టర్ ఆడపిల్లల గదిలోనే పెట్టమని తోటి టీచర్లు కొందరు అంటున్నారు. నేను వరండాలో పెట్టాలనుకుంటున్నాను. మీ బడుల్లో ఎవరైనా అలా పెట్టి ఉంటే ఇక్కడ రాయండి.