వేళచ్చేరి బంకమట్టిలో ఇంకుడు గుంత: నీళ్లు దిగడం లేదు, ఏం చేయాలి?

చెన్నై వేళచ్చేరిలో 93 చదరపు మీటర్ల డాబా. 10 మి.మీ. వానకే 930 లీటర్లు వస్తాయి. గుంత పొడవు, వెడల్పు 3 అడుగులు, లోతు 5 అడుగులు. నిండా కంకర, ఇసుకే కాబట్టి పట్టేది 500 లీటర్ల లోపే. కింద బంకమట్టి; రెండు రోజులైనా నీళ్లు కదలవు.

గుంత మధ్యలో ఇసుక పొర దాకా బోరు వేసి, చిల్లుల పీవీసీ పైపు దించితే పనిచేస్తుందా? 4 అంగుళాలా, 6 అంగుళాలా? నైలాన్ మెష్ చుడితే బురదకు పూడదా? ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానల్లో భూగర్భజలం పైకొచ్చేస్తే బోరు కూడా దండగేనేమో!

తొలి 2 మి.మీ. మురికి నీళ్లు మళ్లించడానికి 200 లీటర్ల డ్రమ్ము చాలుగా?

ఇంకోటి. పెరట్లో గడ్డి పేవర్ల (ఖాళీల్లో గడ్డి పెరిగే పలకల) కింద మేస్త్రీ కాంక్రీటు వేయాలంటున్నాడు. వేస్తే నీళ్లెలా ఇంకుతాయి? కారు ఎక్కినా కుంగకుండా కంకర ఎన్ని అంగుళాలు పోయాలి?