సౌత్‌వెల్ చర్చిలో రాతి ఆకులు: ఏది ఏ చెట్టుదో ఎలా గుర్తుపట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మా అమ్మాయి ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌లో చదువుతోంది, తనని చూడ్డానికొచ్చి పోయిన వారం దగ్గర్లోనే ఉన్న సౌత్‌వెల్ మిన్‌స్టర్ అనే పాత పెద్ద చర్చికి వెళ్ళాం. అక్కడ చాప్టర్ హౌస్ అని, చర్చి పెద్దలు సమావేశమయ్యే ఎనిమిది పలకల గది ఉంది, మధ్యలో స్తంభమే లేదు, గోడల చుట్టూ ఉన్న స్తంభాల తలల మీద ఎక్కడ చూసినా ఆకులే. నలభై ఫొటోలు తీశా, ఇంటికొచ్చి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. పేర్లు రాసి ఆల్బమ్ చేద్దామని. శనివారం మళ్ళీ వెళ్తున్నాం, ఎలా చూడాలో చెప్పండి ప్లీజ్.

జవాబు:
డిగ్రీ పిల్లలకి బోటనీ చెప్పి రిటైరయ్యానమ్మా, నా మాట విని ఆకుని వదిలేసి ముందు కాయ ఉందేమో చూడండి. ఓక్ అయితే టోపీ పెట్టుకున్నట్టు చిన్న కాయ, ఆకు అంచు అలలు అలలుగా ఉంటుంది. ద్రాక్ష సంగతి చెప్పక్కర్లేదు. హాప్స్, అదే బీర్‌లో వేసేది, దానికి పొలుసులు పొలుసులుగా కాయ వేలాడుతుంది. తిప్పలంతా హాథార్న్ అనే ముళ్ళపొదతోనే, ఓక్ అనుకుని పొరబడతాం, దీని ఆకు చీలికలు ఇంకా లోతు, పళ్ళు రేగుపండు కన్నా చిన్నవి, గుత్తిగా ఉంటాయి. బ్రయొనీ అని ఇంకో తీగ ఉంది, అది మన దొండ కుటుంబమే, ఆకు చూస్తే పెరట్లో దొండపాదు గుర్తొస్తుంది మీకు.

మళ్ళీ ప్రశ్న:
థాంక్యూ సార్! మరి క్వయర్ వైపు, అదే పాటలు పాడేవాళ్ళు కూర్చునే చోట, స్తంభాల మీద మూడు రెబ్బల ఆకు, కొస లోపలికి ముడుచుకున్నట్టుంది, కాయా లేదు పువ్వూ లేదు, అదేంటి?

ఇంకొకరు:
అది ఏ చెట్టుదీ కాదండి, వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి. స్టిఫ్ లీఫ్ అంటారు, శిల్పులు ఊహించి చెక్కిన ఆకు, ఇంగ్లండ్‌లోనే వెల్స్ కెథడ్రల్ అనే ఇంకో పెద్ద చర్చిలో బోలెడు. సౌత్‌వెల్ క్వయర్ పని 1234లో మొదలైంది, చాప్టర్ హౌస్ 1280ల చివర్లో, అంటే యాభై ఏళ్ళ తేడాలో ఊహ పోయి కంచెల్లోని నిజం ఆకు వచ్చేసింది, ఫ్రాన్స్‌లో రెయిమ్స్ కెథడ్రల్ శిల్పులు అప్పటికే ఆ దారి పట్టారు. నాకైతే రెండూ ఒకే కప్పు కింద దొరకడమే ఆ చర్చి గొప్ప. ఇంకోటి, ఎదురుగా ఫ్లాష్ కొట్టకండి, అందుకే మీకన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి, ఆకు వెనకాల రాయి తొలిచేసి వదిలారు కదా, పక్క నుంచి వెలుగు పడితేనే ఆ నీడ తెలుస్తుంది. టార్చ్ వేసే ముందు మాత్రం అక్కడి వాళ్ళని అడగండి.

ప్రశ్న అడిగినవారు:
శనివారం వెళ్ళొచ్చామండీ. పక్క వెలుగులో ఇరవై మూడు తేలాయి, తొమ్మిది హాథార్నే. ఓక్ కింద కుక్కలనుకుని తీసిన ఫొటో ఉంది చూడండి, అవి కుక్కలు కాదు, కాయలు తింటున్న పందులు.